తోలు ముట్టిన చేతులు

బూటు మడమలో నాలుగు మేకులున్నాయి. మూడు సులువుగా వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి లోపలే విరిగిపోయింది. చిన్నపుల్లయ్య బూటును రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పట్టకారు ముక్కుతో విరిగిన కొసను తడిమి పట్టుకుని, పళ్ళు బిగించి ఒక్క లాగు లాగాడు. మేకు ఊడి వచ్చి టంగుమని రేకు డబ్బాలో పడింది. ఎడమ భుజం కింద సన్నగా నొప్పి లేచింది. ఈ మధ్య రోజూ లేచేదే. చేయి రెండుసార్లు విదిలించి, బూటును వెలుతురుకి తిప్పి చూశాడు.

పై తోలు గట్టిగానే ఉంది. మడత పడే చోట గీతలు తప్ప చిట్లిన జాడ లేదు. మడమ మార్చి, పక్క కుట్టు మళ్ళీ వేస్తే ఇంకో ఐదేళ్ళు నడుస్తుంది.

"నువ్వింగా బతికే ఉండావులే," అన్నాడు బూటుతో.

గల్ఫ్‌లోని ఫహాహీల్ పాత బజారులో మూడంతస్తుల భవనం మెట్ల కింద ఉన్న ముక్కోణపు చోటు అతని దుకాణం. నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది. అందుకని పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడు. తొమ్మిదేళ్ళుగా అలా కూర్చుని కూర్చుని కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది. ఎంత కడిగినా పోని నల్లరంగు అరచేతి గీతల్లో దిగి, ఎవరైనా చేయి చూసి జాతకం చెప్పాలనుకుంటే గీత గీతా స్పష్టంగా కనిపించేటట్టు ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. గడ్డం మూడు రోజులకోసారి గీసుకుంటాడు.

మూలన ఒక కుప్ప ఉంది. అన్నీ రెక్సిన్ బూట్లు, ప్లాస్టిక్ చెప్పులు. కొన్న ఆరు నెలలకే పొరలు పొరలుగా లేచిపోయి వచ్చినవి. సూది గుచ్చితే గుచ్చిన చోట చిరుగుతాయి. జిగురు పెడితే వారం ఆగుతాయి. వాటిని తెచ్చినవాళ్ళు, బాగుపడవని చెబితే అక్కడే వదిలేసి పోతారు. ఆ కుప్పను చూసినప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతుంది.

పక్క గదిలో బట్టలు కుట్టే అల్లాబకష్ రెండు గ్లాసులు పట్టుకుని వచ్చాడు. కడప మనిషి. మెట్ల కింది చోటు కూడా అతని లైసెన్సులోదే. ఒక గ్లాసులో పాలు పోసిన టీ, ఇంకోదానిలో ఎర్రగా సులేమానీ.

"ఇదో పుల్లన్నా, నీ ఎర్ర నీళ్ళు. ఈ పొద్దు మీటింగుండాది గదా?"

"ఉండాది. మూడింటికి."

"ఏం తీస్కపోతాండావు?"

"జొన్నరొట్టె, ఊరుబిండి. పొద్దన్నే లేసి చేసినా."

"ఆ కోనసీమోళ్ళకు మన కారం ఓర్సుకునే శక్తి ఉండాదా?"

చిన్నపుల్లయ్య నవ్వాడు. వేయించిన వేరుశనక్కాయలూ ఎండుమిరపకాయలూ రోట్లో నూరే వసతి గదిలో లేదు. సుత్తి పిడితోనే గిన్నెలో దంచాడు, పిడికి గుడ్డ చుట్టి. నలుగురికీ పెట్టాలనుకుని ఇరవై రొట్టెలు తట్టాడు.

అతను మాంసం మానేసి పదకొండేళ్ళయింది. పాలు మానేసి ఎనిమిదేళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకమూ చదవలేదు. అంతకు ముందు అర్దియాలో ఫ్యాక్టరీల మధ్య ఒక తోళ్ళ షెడ్డులో పనిచేసేవాడు. కబేళా నుంచి లారీల్లో పచ్చి తోళ్ళు వచ్చేవి. వాటికి ఉప్పు పట్టించి, మడిచి, దొంతర్లు పెట్టడం పని. ఒక చలికాలం పొద్దున, దొంతరలో చేయి పెడితే ఒక తోలు చేతికి వేరుగా తగిలింది. బయటికి లాగాడు. రెండు అరచేతులంత ఉంది. బొచ్చు తడిగా, పట్టుగుడ్డలా అంటుకుని ఉంది. ఇంకా పుట్టని గొర్రెపిల్లది. ఏం చేయాలో తెలియక ఫోర్‌మన్ వైపు చూశాడు. "అది కూడా లెక్కే. ఉప్పు వెయ్, యల్లా, తొందరగా," అన్నాడు ఫోర్‌మన్.

వేశాడు. పారిపోలేదు, అరవలేదు. అన్నిటికీ వేసినట్టే దానికీ గుప్పెడు ఉప్పు వేసి రుద్దాడు. ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కూర గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని, లేచిపోయాడు. అంతే, మళ్ళీ తినలేదు. తర్వాత మూడేళ్ళకు, పాల కోసం పిల్లను ముందే విడదీస్తారని ఎవరో చెబితే అదీ వదిలేశాడు. షెడ్డు మాత్రం అంతకు ఏడాది ముందే వదిలి ఇక్కడికొచ్చాడు. చేతికి తెలిసిన పని తోలు పనే. అందులోనే తనకొక దారి వెతుక్కున్నాడు. చచ్చినదాన్ని లేపలేడు. దాని తోలు పదేళ్ళు నడిచేటట్టు కుడితే, ఇంకోదాన్ని కొనే పని పదేళ్ళు వెనక్కి పోతుంది. అతని లెక్క అది. దాన్ని కూడా ఎవరికీ చెప్పలేదు, సూర్యకిరణ్ అడిగేదాకా.

సూర్యకిరణ్ ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. నాలుగు నెలల కిందట తెగిన గుడ్డసంచి పట్టి కుట్టించుకోవడానికి వచ్చాడు. మర్యాదకి టీ తెప్పిస్తే పాలు లేకుండా అడిగాడు. చిన్నపుల్లయ్య గ్లాసు కూడా ఎర్రగా ఉండటం చూశాడు. మాట మీద మాట వచ్చి, ఎనిమిదేళ్ళని తెలిసేసరికి ఆ అబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాబాయ్ గారూ, దీన్నే వీగన్ అంటారండి. మేమంతా ఏవేవో వీడియోలు చూసి మారామండి. మీరు మనసు చూసి మారారు," అని చేతులు పట్టుకున్నాడు. నల్లటి చేతుల్నే పట్టుకున్నాడు. అప్పటినుంచీ నెలకొక శుక్రవారం ఎగైలాలో వాళ్ళ ఫ్లాటులో జరిగే భోజనాలకు చిన్నపుల్లయ్య వెళుతున్నాడు. మొదటిసారి అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.

రెండోసారి ఎవరో అడిగారు, ఊరికి వెళ్ళినప్పుడు ఏం చేస్తారని. ఉన్నదున్నట్టు చెప్పాడు. "రెండేండ్లకోపారి పోతా. మా ఇంటామె రమణి పెరుగన్నం కలిపి పెడతాది. తింటా. రెండేండ్లు ఎదురుచూసిన మనిషి చేతిలో ముద్దను వద్దని ఏం సాధించేది? మల్లా ఈడికొచ్చినాంక తినను." ఆ రోజు చప్పట్లు రాలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి.

మధ్యాహ్నం నమాజుకి అల్లాబకష్ తలుపు వేసి వెళ్ళాక, చిన్నపుల్లయ్య నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాడు. సబ్బుతో మూడుసార్లు కడిగాడు. ఉతికిన చొక్కా వేసుకుని, స్టీలు డబ్బాను తువ్వాలులో కట్టుకుని, సముద్రం పక్క రోడ్డులో బస్సెక్కాడు. సెప్టెంబరు ఎండ. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, మూత ఊడకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

ఫ్లాటు తలుపు తీసింది సూర్యకిరణ్ భార్య జ్యోతిలక్ష్మి. "రండి బాబాయ్ గారండీ," అంటూ డబ్బా అందుకుంది. తువ్వాలు కొసలు పట్టుకుని అందుకుంది. లోపల పదిహేను మంది దాకా ఉన్నారు. హాలంతా కొత్త ప్లాస్టిక్ వాసన. పాత తోలు సోఫా పోయి దాని చోట రెక్సిన్ సోఫా వచ్చింది. పోయిన నెల ఇంట్లో ఉన్న తోలు సామానంతా చెత్తకుండీలో వేసి సూర్యకిరణ్ ఆ ఫొటోలు అందరికీ పంపాడు. సోఫా, బెల్టులు, పర్సులు, పన్నెండు జతల బూట్లు, చెప్పులు. ఆ ఫొటోను చిన్నపుల్లయ్య వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఎనిమిది జతలకు ఏ లోటూ లేదు. మిగిలిన నాలుగూ గంట పని.

భోజనాలకు ముందు సూర్యకిరణ్ లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. ఒక కాగితం చదివాడు. ఇకమీద సభ్యులందరూ దానిమీద సంతకం చేయాలి. జంతువు నుంచి వచ్చిన ఏ వస్తువునూ తినను, తొడగను, కొనను, అమ్మను, ముట్టను.

కాగితం చేతులు మారుతూ వచ్చింది. పెన్నుతో సహా చిన్నపుల్లయ్య ముందుకొచ్చి ఆగింది.

"నేను పెట్టలేను సామీ," అన్నాడు.

"ఎందుకండీ బాబాయ్ గారూ?"

"ముట్టకుండా కుట్టేది ఎట్ల?"

ఎవరో చిన్నగా నవ్వి, వెంటనే ఆపేశారు. సూర్యకిరణ్ నవ్వలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మేమూ అదే మాట్లాడుకున్నామండి. మీరు ఆ పని మానేస్తే బాగుంటుందండి. మానేదాకా బయటి మిత్రుడిగా ఉండండి. మెసేజీలన్నీ వస్తాయి. ఈ కలిసి తినడాలూ అవీ మాత్రం... సంతకం చేసినవాళ్ళకే అనుకున్నామండి."

"నేను యా జీవాన్నీ సంపలేదే. సచ్చినదాన్ని పారేయకుండా నిలబెడతాండా. అంతే గదా."

"మీ మనసు మంచిదండి. దానికి అనుమానం లేదు. కానీ ఇలా ఆలోచించండి. మీరు బాగుచేసి ఇస్తున్నంత కాలం, తోలు బూటే గట్టిదన్న నమ్మకం ఆ కొనేవాడికి ఉంటుందండి. రేపు వాడు మళ్ళీ తోలే కొంటాడు. ఆ వ్యాపారానికి చివర్న మీరున్నారండి. మీకు తెలియకుండానే ఉన్నారు."

అతని గొంతులో కపటం లేదు. ఆ మాటలో నిజమూ లేకపోలేదు. చిన్నపుల్లయ్యకు కోపం అక్కడే మొదలైంది. అబద్ధమైతే కొట్టిపారేసేవాడు.

"ఉండచ్చు," అన్నాడు. "నేను చివర్న ఉండచ్చు. నువ్వు పోయిన నెల కుండీలో ఏసినావే పన్నెండు జతలు, వాటికోసం సచ్చిన జీవాలు మల్లా లేసినాయా? మంచి సెప్పులు మట్టిపాలు జేసి, ఈ పిలాస్టిక్కు కొన్న్యారు. ఆరు నెల్లకు ఇది నా కాడికే వచ్చాది. నేను కుట్టలేను. సముద్రంలో పడతాది. యా చేప గొంతులో ఇరుక్కుంటాదో నీకు దెలుసునా, నాకు దెలుసునా? అది జీవం గాదా?"

"బాబాయ్ గారూ, తోలు చూస్తే నాకు వస్తువు కనబడదండి. శవం కనబడుతుంది. ఇంట్లో శవాన్ని ఎలా పెట్టుకుంటామండి?"

"మంచిదే. పెట్టుకోవద్దు. శవాన్ని మోసకపోయేటోడు ఒకడు కావల్ల గదా సామీ. ఇంటి ముందర గొడ్డు సచ్చిపడితే అందురూ ముక్కు మూసుకోని తలుపేసుకుంటిరి. ఈడ్సకపోయినోళ్ళం మేము. తోలు తీసి, తంగేడు చెక్కలో ఊనించి, ఊరందరికీ సెప్పులు కుట్టిచ్చినోళ్ళం మేము."



"అయ్యో," సూర్యకిరణ్ రెండు చేతులూ పైకెత్తాడు. "మేం కులం గురించి అనలేదండి! మా ఇంట్లో అలాంటి పట్టింపులే లేవండి. ఒట్టు."

చిన్నపుల్లయ్య అతని మొహంలోకి చూశాడు.

"నేను కులం పేరెత్తలా. నువ్వెత్తినావు."

తలలు వంగాయి. వాటి మీదుగా అతను భోజనాల బల్ల వైపు చూశాడు. మూతలు తీసిన గిన్నెలు వరసగా ఉన్నాయి. పులిహోర, పనసపొట్టు కూర, కొబ్బరిపాలతో చేసిన పాయసం. ఒక్కోదాని ముందు తెచ్చినవాళ్ళ పేరుతో ఒక చీటీ.

"నా డబ్బా యాడుండాది?"

 జ్యోతిలక్ష్మి కళ్ళు గుమ్మం వైపు వెళ్ళి వచ్చాయి. అందరూ అటు చూశారు. డబ్బా చెప్పుల స్టాండు మీద ఉంది. పై అరలో, తువ్వాలు కట్టు విప్పకుండా, రెండు జతల ప్లాస్టిక్ చెప్పుల పక్కన.

"అది... పనిచేసే చోటునుంచి తెచ్చారు కదండీ," అంది ఆమె. "ఆ నూనెలూ పాలిష్‌లూ ఏమైనా తగిలుంటాయేమోనని..."

"పనికాణ్ణించి గాదు. నా గదికాణ్ణించి తెచ్చినా."

లేచాడు. మోకాలు పట్టేసింది. పక్కనున్నతను చేయి ఇవ్వబోతే వద్దని తలాడించి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం దాకా నడిచి, డబ్బా తీసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. వెనకనుంచి సూర్యకిరణ్, "బాబాయ్ గారూ, మీరలా వెళ్ళకూడదండి, భోంచేసి వెళ్ళండి," అంటున్నాడు. ఆ మాటలో నిజంగానే బాధ ఉంది. దాంతో చిన్నపుల్లయ్యకు ఇంకా మండింది.

బస్సులో డబ్బాను మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక నాయన గుర్తొచ్చాడు. రాయచోటి దగ్గర వాళ్ళ ఊళ్ళో, నాయన రచ్చబండకు దూరంగా ఒక బండరాయి పక్కన కూర్చుని చెప్పులు కుట్టేవాడు. తెచ్చినవాళ్ళు దూరం నుంచి విసిరేవాళ్ళు. కుట్టడం అయ్యాక నాయన వాటిని రాతి మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. వాళ్ళు చెంబుతో నీళ్ళు చల్లి తొడుక్కునేవాళ్ళు. పేడలోనూ బురదలోనూ తొక్కే చెప్పుకి మడి. అది చూసి ఏడేళ్ళ చిన్నపుల్లయ్య ఒకసారి గట్టిగా నవ్వాడు. నాయన చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బ ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. నవ్విన సంగతి వాళ్ళు గమనిస్తే ఏమయ్యేదో ఆయనకు తెలుసు.

ఆ ఊరివాళ్ళకు అప్పుడు వీళ్ళు గొడ్డు తింటారని అసహ్యం. ఇప్పుడు తను గొడ్డు కాదు గదా, గొడ్డు పాలు కూడా ముట్టని మనిషి. అయినా డబ్బా చెప్పుల దగ్గరకే పోయింది. ఇంకేం మానేయాలి? ఊపిరి మానేయాలా? పదకొండేళ్ళుగా లోపల దాచుకున్నదాన్ని, ఎవరో కొత్త పేరు పెట్టి మెచ్చుకుంటే పొంగిపోయి వాళ్ళ ముందు పరిచాడు. ఆ కోపం తన మీద. తోలు ముట్టడం తప్పేనేమో, ఆ అబ్బాయి అన్నట్టు ఈ వ్యాపారానికి తను తోకేనేమో. దాన్ని గురించి కూర్చుని మాట్లాడి ఉంటే మాట్లాడేవాడు. రాత్రంతా మాట్లాడేవాడు. మాట్లాడేవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. అన్నం చెప్పుల మీద పెట్టి కాదు.

దుకాణంలో డబ్బా విప్పాడు. అల్లాబకష్ ఎదురుగా కూర్చుని రొట్టె తుంచాడు.

"ఒక్కరూ తినలేదా?"

"మూత తియ్యలా."

అల్లాబకష్ నాలుగు రొట్టెలు తిన్నాడు. కారానికి ముక్కు కారుతున్నా ఆపలేదు. చివరికి వేళ్ళు నాకుతూ, "నేను మటన్ తింటా. నువ్వు తినవు. తొమ్మిదేండ్లుగా ఒకే కాడ తింటాండాం. వాళ్ళకేం రోగమన్నా?" అన్నాడు.  చిన్నపుల్లయ్య సగం రొట్టె తిని పక్కన పెట్టాడు. ఛాతీలో ఏదో అడ్డం పడినట్టుంది. నీళ్ళు తాగితే దిగలేదు.

పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి మెట్ల ముందు ఒక నీడ ఆగింది. జ్యోతిలక్ష్మి. చేతిలో గుడ్డసంచి.

"బాబాయ్ గారండీ."

అతను తలెత్తి చూసి, మళ్ళీ చేతిలోని బెల్టు మీదికి వంగాడు. ఆమె నిలబడే ఉంది. వెళ్ళదని అర్థమయ్యాక, "ఏం?" అన్నాడు.

సంచిలోంచి పాత చీరముక్క చుట్టిన పొట్లం తీసింది. విప్పింది. మగవాళ్ళ తోలు చెప్పులు, బొటనవేలికి ఉంగరం ఉన్నవి. అరిగి అరిగి పాదం అచ్చు లోపలికి దిగి ఉంది. రెండింటికీ వార్లు ఎండి, చిట్లి, తెగిపోయాయి.

"మా నాన్నగారివండి. పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు అన్నీ పారేశాం గానండి, ఇవి పారేయలేకపోయాను. బట్టల అడుగున దాచాను. మా ఆయనకి తెలీదండి. మొన్న తీసి చూస్తుంటే చేతుల్లోనే తెగిపోయాయి."

చిన్నపుల్లయ్య అరచేతులు రెండూ చాపి ఆమె ముందు పెట్టాడు. నల్లగీతల అరచేతులు.

"ఈటితో ముట్టచ్చునా?"

ఆమె పెదవి కొరుక్కుంది.

"నా డబ్బాను ఆడ పెట్టింది నువ్వే గదమ్మా."

"నేనేనండి."

"మీ ఆయన పెట్టమన్న్యాడా?"

"లేదండి. ఎవరూ చెప్పలేదు." తన చేతివైపు చూసుకుంది. "చెయ్యి దానంతటదే అటు వెళ్ళిందండి."

"పోతాది," అన్నాడు. గొంతు పెరిగింది. దారినపోయే ఇద్దరు ఆగి చూశారు. "అట్లనే పోతాది. మా ఊర్లో గూడా ఎవురూ చెప్పేవాళ్ళు గాదు. చేతులే పోయేవి. సముద్రం దాటొచ్చినా, పాలు మానుకున్నా, జీవాలంటే ఏడ్సినా, ఆ చెయ్యి మాత్రం మారలా. మీరు గొర్రెపిల్లకు ఏడుచ్చారు. మంచిదే. నేను గూడా ఏడ్సినా. మనిషికెప్పుడు ఏడుచ్చారు?"

ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూసినా అతని కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా అనుకోలేదు. అయినా చేయి చాచి ఒక చెప్పు అందుకున్నాడు. తిప్పి చూశాడు. అట్టల మధ్య ఒక్క మేకు లేదు. అంతా చేతికుట్టు, సన్నంగా, ఒకే కొలతలో, మడమ దగ్గర మాత్రం రెండు వరసలు. ఇరవై ఐదేళ్ళ కిందటిదై ఉంటుంది. ఒక్క కుట్టు కదల్లేదు.

"ఇవి కుట్టినాయప్ప పేరేమి?"

"తెలీదండి. మా ఊళ్ళో ఉండేవాడండి ఒకతను. ఏటా పెరటి గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు."

"పేరు?"

"తెలీదండి."

అతను మడమ దగ్గరి కుట్టు మీద బొటనవేలు రాశాడు.

"కుడతా," అన్నాడు చివరికి. "నీ కోసరం గాదు. మీ నాయన కోసరం గూడా గాదు. ఈయప్ప కోసరం కుడతా. గంటాగి రా."

ఆమె దుడ్డు సంగతి అడగబోతే చేత్తోనే పొమ్మన్నాడు.

కొత్త తోలు కొనడం అతను ఎప్పుడో మానేశాడు. పాత హ్యాండుబ్యాగుల పట్టీలు, తెగిన బెల్టులు ఒక పెట్టెలో పోగేసుకుంటాడు. అందులోంచి అదే రంగున్న బెల్టు వెతికి, నీళ్ళలో నానబెట్టి, బండ మీద పరిచి రెండు వార్లు కోశాడు. అంచులు గీసి పలచన చేశాడు. పాత కుట్ల రంధ్రాల్లోంచే ఆరె సూది దించాడు, కొత్త రంధ్రం ఒక్కటి కూడా పొడవకుండా. పేరు తెలియని ఆ మనిషి ఎక్కడ ఎంత బిగువు పెట్టాడో వేలికి తెలుస్తోంది. అక్కడల్లా తనూ అంతే బిగువు పెట్టాడు. కుడి చెప్పు పూర్తయింది. ఆముదంలో ముంచిన గుడ్డతో అట్టా వారూ తుడిచాడు. ఎండిన తోలు నూనె తాగి నల్లబడింది. దాన్ని దీపం కింద పెట్టి, తల పక్కకి వంచి చూసి, ఎడమది అందుకున్నాడు.

రాత్రి ఇషా నమాజుకి వెళుతూ అల్లాబకష్ పలకరించాడు. "ఇంగా అయిపోలేదా?" "ఒగటుండాది," అన్నాడు చిన్నపుల్లయ్య, తల ఎత్తకుండా.

నమాజు ముగించి వచ్చేసరికి అతను వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నిద్రపోతున్నాడేమోనని అల్లాబకష్ తన గది తాళం తీసి, దీపం వేసి, అప్పుడు మళ్ళీ వచ్చి చూశాడు. "పుల్లన్నా," అని భుజం పట్టుకున్నాడు. మనిషి అలాగే పక్కకి ఒరిగాడు.

అంబులెన్సు త్వరగానే వచ్చింది. వచ్చినవాళ్ళు మెట్ల కింద వంగి, కాసేపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇఖామా, నివాసపు కార్డు, అడిగారు. అల్లాబకష్ చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. స్ట్రెచర్ మీద దుప్పటి మొహం మీదుగా కప్పారు. ఒక చేయి బయటికి జారితే అల్లాబకష్ దాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి పెట్టాడు.

జ్యోతిలక్ష్మి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. పది మంది ఇంకా గుంపుగా నిలబడి ఉన్నారు. ఏమైందని అడిగింది. అల్లాబకష్ చెప్పాడు. ఆమె మెట్టు అంచు పట్టుకుంది.

"ఎప్పుడండి?"

"ఇప్పుడే. నీ పనే చేచ్చాండె."

లోపలికి చూపించాడు. "నీవే గదమ్మా అవి? తీస్కపో."

ఆమె ఒక అడుగు లోపలికి వేసింది. వంగింది. అప్పుడు సంచిలో ఫోను మోగింది. తీసి, భర్త పేరు చూసి, గుంపుకి కాస్త ఎడంగా జరిగింది.

"ఆ... లేదండి, ఏం కాలేదు. పార్కింగులోకే వస్తున్నానండి. వచ్చేశానండి."

ఫోను పెట్టేసి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అల్లాబకష్ ఆమెనే చూస్తున్నాడు. ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గబగబా కార్లున్న వైపు నడిచింది. గుడ్డసంచి ఖాళీగా ఆమె మోకాలికి కొట్టుకుంటూ పోయింది.

గుంపు చెదిరిపోయింది. అల్లాబకష్ మెట్ల కింది దీపం ఆర్పబోయి, ఆర్పకుండా వదిలేశాడు. దాని కింద బల్ల మీద కుడి చెప్పు నూనె మెరుపుతో ఉంది. ఎడమ చెప్పు వారు ఒక పక్క బిగిసి, ఇంకో పక్క ఇంకా లేచే ఉంది. అక్కడినుంచి మైనం పట్టించిన దారం బారెడు, బల్ల అంచు దాటి, అతను కూర్చునే గోనెపట్ట మీదికి వేలాడుతోంది.